ఇంజిన్ మందం

బావ చనిపోయిన సంగతి అక్క ఫోన్ చేసి చెప్పింది. నేను అప్పుడు చేవెళ్ల కూరగాయల మార్కెట్ ముందు నిలబడి టమాట రైతులతో మాట్లాడుతున్నాను. "మీ బావ పోయిండురా" అన్నది. వెనుక ఎవరో గేటు తీస్తున్న చప్పుడు వినిపించింది. "చాయ్ పోసి తెచ్చేవరకు కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు. నువ్వు జర రా" అని ఫోన్ పెట్టేసింది.

విలేకరి పనిలో చావు వార్త రాయడానికి ఒక పద్ధతి ఉంటుంది. వయసు, ఊరు, కారణం, కుటుంబం. బావ గురించి అట్లా రాస్తే నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. గుండె జబ్బుతో ఇంట్లోనే పోయాడు. ఊరు చిన్న మంగళారం. భార్య ఉన్నది. మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే రోడ్డు మీద రేకుల షెడ్డులో కార్లకు హెడర్లు తయారుచేసేవాడు. ఆ నాలుగో వాక్యం దగ్గర చాలామంది ఆగి, హెడర్ అంటే ఏమిటని అడుగుతారు. అందుకే ఇది కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ఇంజిన్‌లో పెట్రోలు కాలిన తర్వాత వచ్చే వేడి పొగను ఒక్కో సిలిండర్ నుంచి బయటికి తెచ్చే గొట్టాల గుత్తి అది. కంపెనీ నుంచి వచ్చే చాలా బండ్లలో పోత ఇనుముతో ఉంటుంది, పొట్టిగా, మొద్దుగా. దాన్ని తీసేసి, ఆ చోట విడివిడిగా వంచిన గొట్టాలు పెడితే ఇంజిన్ పొగను తేలిగ్గా వదులుతుంది, బండి కొంచెం చురుగ్గా పోతుంది. ఆ కొంచెం ఎంత, ఎక్కడ, దేన్ని పోగొట్టుకుని అన్నదే బావ పని మొత్తం.

వాళ్లది భూములున్న కుటుంబం. అన్నదమ్ములు ఊరి రాజకీయాల్లో ఉన్నారు, ఒకాయన సర్పంచ్‌గా కూడా చేశాడు. బావ మాత్రం చిన్నప్పటి నుంచి బోరు పైపుల చుట్టూ తిరిగాడు. వాళ్ల పొలాల్లో విరిగిన కేసింగ్ పైపులు అతికించుకుంటూ వెల్డింగ్ నేర్చుకున్నాడు, తర్వాత ఊళ్లో జీపుల సైలెన్సర్లు, ఆ తర్వాత ఫామ్‌హౌస్‌లకు వచ్చేవాళ్ల కార్లు. సర్పంచ్ తమ్మునివి అయ్యుండి పొగగొట్టాలు చేసుకుంట బతుకుతవా అని పెద్దన్న ఒక పెండ్లిలో అందరి ముందు అడిగాడు. బావ బంతిలో కూర్చొని అన్నం కలుపుతున్నాడు. తల ఎత్తకుండానే, "మీరు ఇడిసే పొగకన్న ఇది నయమే గదనే" అన్నాడు. ఆ పక్కన కూర్చున్నవాళ్లు నవ్వు ఆపుకోలేక చాలాసేపు తినలేకపోయారు.

షెడ్డుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒకటే, లావు పైపు. గొట్టం ఎంత లావైతే అంత బలం అని వాళ్ల నమ్మకం. బావ వాళ్లతో వాదించేవాడు కాదు. చాయ్ తెప్పించేవాడు. గ్లాసు చేతికి ఇచ్చి, "నోరంత తెరిచి ఊదు, సల్లారుతదేమో సూద్దాం" అనేవాడు. వాళ్లు ఒకసారి నోరు తెరిచి, ఒకసారి పెదవులు బిగించి ఊదేవాళ్లు. లావు గొట్టంలో పొగ నింపాదిగా కదులుతుంది, సన్న గొట్టంలో జోరుగా పోతుంది, పోతూ పోతూ తన వెనుక ఉన్నదాన్ని కూడా గుంజుకుపోతుంది. అట్లని సన్నం చేసుకుంటూ పోతే ఇంజిన్ గట్టిగా తిరిగేటప్పుడు గొంతు పట్టేసినట్టు అవుతుంది. ఈ రెండో సంగతి చెప్పడానికి ఆయన దగ్గర ఒక మాట ఉండేది. "సన్నగైతే పైన దమ్ము ఆగుతది, లావైతే కింద గుంజుడు పోతది. రెండు కావాలంటే రెండు బండ్లు కొనుక్కో." పైన అంటే ఎక్కువ వేగంలో, కింద అంటే తక్కువ వేగంలో, గుంజుడు అంటే బండి లాగే బలం.

గొట్టాలన్నీ చివర కలిసే చోటును ఈ పనిలో కలెక్టర్ అంటారు. నేను ప్రజావాణి అర్జీల వార్తలకు కలెక్టరేటుకు పోయివస్తుంటానని బావకు తెలుసు కాబట్టి నాకు ఆ భాషలోనే చెప్పాడు. "నలుగురు ఒక్కసారే ఉరికిపోయి మీద పడితే కలెక్టర్ ఎవని మాట ఇనడు. ఒకని ఎనుక ఒకడు పోవాలె. ముందలోడు బయటికొస్తుంటె తలుపు సందుల ఎనుకటోడు లోపటికి పోవాలె." గొట్టాల పొడుగు సమానంగా ఉండాలని అందరూ ఎందుకు తాపత్రయపడతారో అప్పుడు అర్థమైంది. పొడుగు ఒక్కతీరుగా ఉంటే నాలుగు సిలిండర్ల పొగ వరుస తప్పకుండా కలెక్టర్ దగ్గరికి చేరుతుంది. కాని బండి ముందుభాగంలో అంత స్థలం ఉండదు. ఒకచోట స్టీరింగ్ కడ్డీ అడ్డమొస్తుంది, ఒకచోట సెల్ఫ్ మోటారు. ఒక గొట్టాన్ని పొడుగు చేయడానికి చుట్టు తిప్పితే కింద రాయి తగిలేంత దిగిపోతుంది. "అన్ని సమానం రావు బామ్మర్ది. ఏదానికి తక్కువ పడాల్నో ముందుగాల మనమే ఒప్పుకోవాలె, లేకపోతె బండే చెప్తది" అనేవాడు.

ఆయన గొట్టాల దారిని కాగితం మీద గీసేవాడు కాదు. మా దగ్గర పూలతోటల నిండా డ్రిప్ పైపులే. పాతబడి పారేసిన ముక్కల్లో మందపాటి తీగ దూర్చి, ఇంజిన్ పక్కన వంచి పెట్టేవాడు. నల్లగా నాలుగు పాముల్లాగ వేలాడేవి. ఒకదాని మీద ఒకటి పడకుండా, పానా దూరేంత సందు ఉండేలా సర్దుకున్నాక, వాటిని తీసి నేల మీద చాపి పొడుగులు చూసుకునేవాడు. తర్వాత ఉక్కు గొట్టంలో ఇసుక దట్టించి, ఎర్రగా కాల్చి, ఆ డ్రిప్ పైపు వంపుకు సరిగా వంచేవాడు. ఇసుకలో తడి ఉంటే ఆవిరై గొట్టం మూత బందూకు గుండులా ఎగిరిపోతుంది. అందుకని ముందు ఇసుకను వేయించాలి. వేయించేది అక్క కడాయిలో.

దీని మీద ఆ ఇంట్లో పెండ్లయిన కాడి నుంచి పంచాయితీ నడిచింది. అక్క కొత్త కడాయి కొన్నప్పుడల్లా పాతది షెడ్డుకు పోయేది. నాలుగు రోజులకు కొత్తది కూడా పోయేది. ఒకసారి నేను భోజనానికి కూర్చుంటే పప్పులో ఇసుక పలుకు తగిలింది. అక్కకు చూపించాను. "నీకు ఒక్కసారి తగిలింది. నేను గీ ఇసుకతోనే కాపురం జేస్తున్న" అన్నది. బావ వినపడనట్టు పచ్చడి వేసుకున్నాడు.

సార్ గురించి చెప్పాలి. సార్ అంటే పక్క కాలనీలో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. గోదావరి వైపు మనిషి, ఉద్యోగం వచ్చిన కొత్తలో ఇటు వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. పాత కారు ఒకటి ముచ్చటగా దాచుకున్నారు. దానికి హెడర్ చేయించుకుందామని వచ్చి బావకు స్నేహితుడయ్యారు. ఆయన బావను అన్నగారూ అనేవారు, బావ ఆయన్ను సార్ అనేవాడు. చివరిదాకా ఇద్దరూ ఆ పిలుపులు మార్చుకోలేదు.

మొదటి పని అప్పుడే ఒక పొరపాటు జరిగింది. సార్ సిటీకి పోతూ, పైపు నేనే తెస్తాను, ఎలాంటిది కావాలో చెప్పండి అని ఫోన్ చేశారు. బావ ఎవరిదో కారు కింద పడుకొని ఉన్నాడు. షెడ్డులో పనిచేసే వెల్డర్ భాయ్ ఫోన్ తెచ్చి ఆయన చెవి దగ్గర పట్టుకున్నాడు. "స్టీల్ పైపు తెండ్రి సార్. ఇంజిన్ మందం చాలు" అని చెప్పి బావ మళ్లీ పనిలో పడ్డాడు.

సాయంత్రం ట్రాలీ ఆటోలో పైపు వచ్చింది. ఫ్యాక్టరీల్లో ఆవిరి పోయే లైన్లకు వాడే రకం. ఇద్దరు పట్టుకుంటే గాని దిగలేదు. బావ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"గిదేంది సార్? బాయిలర్ పెడుతున్నమా?"

"మీరే కదండీ అన్నగారూ, మందం ఉండాలన్నారు. షాపులో ఇంతకన్నా మందంది లేదన్నాడు."

బావకు విషయం అందడానికి కొంత సమయం పట్టింది. అందాక నేల మీద కూర్చుండిపోయాడు. భాయ్ వచ్చి ఏమైంది ఉస్తాద్ అని అడిగినా చెప్పలేక చేయి ఊపాడు, నవ్వుతూ.

మా వైపు నలుగురి మందం అన్నం వండితే నలుగురికి సరిపోయేంత వండినట్టు. నా మందం నాకుంది అంటే నాకు చాలినంత ఉన్నదని. పైపు గోడ దళసరిగా ఉంటే దాన్నీ మందం అనే అంటాం, సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. సార్ వాళ్ల వైపు ఆ దళసరి అర్థం ఒక్కటే ఉన్నది. బావ అడిగింది ఆ ఇంజిన్‌కు సరిపడా పైపు. సార్ తెచ్చింది ఆ షాపులో అన్నిటికన్నా దళసరి పైపు.

కోసిన పైపును షాపువాడు వాపసు తీసుకోడు. భాయ్, బావ కలిసి దాన్ని షెడ్డు పైన అటక మీదికి ఎక్కించారు. అది అక్కడే ఉండిపోయింది. సార్ వచ్చినప్పుడల్లా బావ ఇంటివైపు తిరిగి, సార్ మందం చాయ్ పొయ్యి అని కేకేసేవాడు. నాకు పల్చగానే చాలండీ అని సార్ అనేవారు. ఈ మాటలు నేనే ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ప్రతిసారీ ఇద్దరూ కొత్తగా నవ్వేవాళ్లు.

బావ చేసినవన్నీ నిలబడ్డాయని నేను రాయను. ఒక కుర్రాడు పోటీలకు పోతున్నానని, బరువు ఏ మాత్రం ఉండొద్దని పట్టుబడితే బాగా పలుచటి స్టీల్‌తో చేసి ఇచ్చాడు. పలుచది త్వరగా వేడెక్కుతుంది, త్వరగా సాగుతుంది, చల్లారితే కుంచించుకుపోతుంది. ఆ కుర్రాడు దాన్ని పోటీలకే కాదు, రోజూ గుంతల రోడ్ల మీద కూడా తిప్పాడు. ఇంజిన్‌కు బిగించే పట్టీ దగ్గర, వెల్డింగ్ పక్కనే, వెంట్రుక వాసి చీలిక వచ్చింది. బావ దాన్ని వెనక్కి తీసుకొని ఇంకొకటి చేసి ఇచ్చాడు. పగిలినదాన్ని పనిబల్ల ఎదురుగా గోడకు తీగతో కట్టాడు. కొత్తవాళ్లు అదేంటని అడిగితే, "నా సర్టిఫికెట్" అనేవాడు.

సైలెన్సర్ తీసేసి చప్పుడు పెంచమని వచ్చేవాళ్లను మాత్రం తిప్పి పంపేవాడు. అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌కు శని, ఆదివారాలు వచ్చే నలుగురు ఒకసారి పెద్ద కారు తెచ్చారు. పొగ శుద్ధి చేసే డబ్బా, సైలెన్సర్ రెండూ తీసేయాలి, రోడ్డు మీద పోతుంటే జనం తిరిగి చూడాలన్నారు. బావ విన్నాడు. ఆ ఫామ్‌హౌస్ వాచ్‌మన్ మా పక్కూరు ఎంకపల్లి మనిషే, రాత్రంతా కాపలా కాసి పొద్దున పడుకుంటాడు, మీ కారు వస్తే వాని పిల్లగాడు లేచి ఏడుస్తాడు అని చెప్పాడు. వాళ్లకు అది జవాబుగా తోచలేదు. ఎక్కువ ఇస్తామన్నారు. "పక్కింటోని నిద్ర నాది గాదు బాబూ, నేనెట్ల అమ్మాలె" అని బావ పనిలోకి పోయాడు. వాళ్లు ఇంకో చోట చేయించుకున్నారు. ఆ తర్వాత చాలామంది ఇంకో చోటనే చేయించుకున్నారు.

ఆ వారం నేను ఫామ్‌హౌస్‌ల చప్పుళ్ల మీద వార్త రాశాను. బావ చదివి పేపరు మడిచి ఇచ్చాడు. "మీ పేపరోళ్లది గూడ లావు పైపే బామ్మర్ది. సప్పుడు మస్తు, గుంజుడు లేదు." ఆ వార్తలో విశేషణాలు ఎన్ని ఉన్నాయో ఇంటికి పోయి లెక్కపెట్టుకున్నాను. ఆ మాట ఇప్పటికీ పనికొస్తున్నది.

ఒక హెడర్ బిగించి మొదటిసారి నడిపి తెచ్చాక కస్టమర్లు చప్పుడు గురించి, వేగం గురించి మాట్లాడేవాళ్లు. బావ వాళ్లను మాట్లాడనిచ్చి, ఇంజిన్ చల్లారేదాకా బీడీ తాగుతూ కూర్చునేవాడు. తర్వాత బ్యాటరీ లైటు వేసి గొట్టాల మీద రంగు చూసేవాడు. స్టీల్ వేడికి రంగు తిరుగుతుంది. ఇంజిన్‌కు దూరంగా ఎండుగడ్డి రంగు, దగ్గరికి వచ్చేకొద్దీ వంకాయ రంగు, ఆ తర్వాత నీలం. నాలుగు గొట్టాల మీద రంగు ఒక్క గీత దాకా వచ్చి ఆగితే నాలుగు సిలిండర్లు ఒక్కతీరుగా కాలుతున్నట్టు. ఒకటి వెనుకబడితే ఎందుకో వెతకాలి. ఆ లైటు ఆర్పి లేచేదాకా పని అయిపోయిందని ఆయన ఒప్పుకునేవాడు కాదు.

పోయినేడు బావకు కాళ్లు వాచాయి. మెట్లెక్కితే ఆయాసం. సిటీలో దవాఖానకు నేనే తీసుకుపోయాను. డాక్టరు స్కాన్ చూపిస్తూ, గుండె సాగి పెద్దదైంది, అందుకే రక్తాన్ని సరిగా నెట్టలేకపోతున్నదని చెప్పింది. బావ ఆ తెర వైపు చాలాసేపు చూశాడు. బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాక అన్నాడు. "సూసినవా బామ్మర్ది. పెద్దగైతే గుంజుడు తగ్గుతది. నేను గదే గద అందరికి చెప్పేది." నేను మందుల చీటీ మడుస్తూ కూర్చున్నాను. బీడీ ఆ రోజే మానేశాడు. కారు కింద పడుకోవడం కూడా మానేశాడు. స్టూలు మీద కూర్చొని చేయగలిగిన పనులే చేసేవాడు.

ఆ రోజుల్లోనే అక్క వ్యాను చెడింది. అక్క ఇంటి వెనుక నేలలో చామంతి, బంతి వేస్తుంది. తెల్లవారకముందే పూలమూటలు ఎత్తుకొని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తానే నడుపుకుంటూ పోతుంది. పాత పెట్రోలు వ్యాను, ఇంజిన్ ముందు సీటు కింద ఉంటుంది. దాని పోత ఇనుప గొట్టం పగిలింది. బావ అతికించాడు. మళ్లీ పగిలింది. పగిలిన ప్రతిసారీ పొగ సీటు కింద నుంచి లోపలికి వచ్చేది. చలికాలం, అద్దాలు ఎత్తుకొని ఒంటరిగా నడిపే మనిషి. ఒకరోజు మార్కెట్ దాకా పోయేసరికి తల తిరిగి, బండి పక్కకు ఆపి స్టీరింగ్ మీద వాలి కూర్చున్నదట. పూలు దించే హమాలీ ఒకాయన చెబితే తెలిసింది, అక్క ఇంట్లో చెప్పలేదు.

బావ ఆ రోజు వ్యాను తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ఊరందరి కార్లకూ చేసిన మనిషి ఇంట్లో బండికి ఎప్పుడూ హెడర్ చేయలేదు. ఇప్పుడు మొదలుపెట్టాడు. డ్రిప్ ముక్కలు వంచి పెట్టుకున్నాడు. ఇసుక అక్కనే వేయించి ఇచ్చింది, ఈసారి ఏమీ అనకుండా. స్టూలు మీద కూర్చొని గొట్టాలు వంచడానికి చాలా రోజులు పట్టింది. భాయ్ వేరే పనికి సిటీలో ఉన్న రోజుల్లో పొలం పనివాళ్ల చేత పట్టించి వంచాడు. నాలుగు గొట్టాలను రెండు జంటలుగా చేసి, ఆ రెండింటిని ఒకటిగా కలిపి, చిన్న చిన్న చుక్కల వెల్డింగ్‌తో నిలబెట్టాడు. పూర్తి వెల్డింగ్ భాయ్ వచ్చి చేయాలి. ఆ లోపల ఒక పొద్దున చాయ్ వచ్చేదాకా కూర్చొని, కూర్చున్నట్టే పోయాడు.

మూడో రోజు పిట్టకు పెట్టాం. ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తట్లో వేసి పొలం గట్టు మీద పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకి రాలేదు. చాలాసేపు చూశాం. ఏదన్న పని మిగిలిపోయిందేమో, మనసు అక్కడనే ఉన్నదేమో అని ఒక ముసలవ్వ అన్నది. అందరూ అక్క వైపు చూశారు. "బండి" అన్నది అక్క. ఇట్లాంటప్పుడు ఎవరో ఒకరు ఆ పని మేం చేస్తామని మాట ఇవ్వాలి, అది మా దగ్గర పద్ధతి. సార్ కొంచెం ఇబ్బందిగా ముందుకు వచ్చారు, భాయ్ కూడా వచ్చాడు. ఇద్దరూ విస్తరి వైపు తిరిగి, వ్యాను మేం పూర్తి చేస్తామన్నారు. పక్క ఫామ్‌హౌస్‌లో అప్పటిదాకా జనరేటర్ నడుస్తున్నది. కరెంటు వచ్చి అది ఆగిపోయింది. కాసేపటికి కాకి వచ్చింది. నేను చూసింది చూసినట్టు రాశాను. ఏది దేనివల్ల అన్నది పాఠకులే తేల్చుకోవచ్చు.

దినాలు అయినంక షెడ్డు తెరిచాం. పనిబల్ల మీద ఆ హెడర్ ఉన్నది. భాయ్ దాన్ని రెండు చేతులతో ఎత్తి, బరువుకు ఆశ్చర్యపోయి, కోసిన అంచు వైపు చూశాడు. అతని ముఖం మారింది. అక్కకు వినపడకుండా నాకు చెప్పాలనుకున్నాడు, కాని అక్క అక్కడే ఉన్నది.

"భాభీ, ఉస్తాద్ గలత్ పైపు తీసిండు. గింత దళసరిది హెడర్‌కు ఎవరు పెట్టరు. ఆఖరికి చెయ్యి వణుకుతుండె, కండ్లు సరిగ ఆనలేదేమో. గీ బరువంత ఇంజిన్‌కు ఏలాడితే నట్లు తెగుతయ్. మళ్ల పొగ లోపటికే."

పలుచటి పైపుతో మళ్లీ మొదటి నుంచి చేద్దాం, ఉస్తాద్ వంపులే నేను తీస్తాను అన్నాడు. అతను అనేదాంట్లో తప్పు లేదు. పలుచదైతే పగులుతుంది, గోడ మీద సాక్ష్యం వేలాడుతున్నది. దళసరిదైతే బరువు. తప్పు నిర్ణయం ఏది తీసుకున్నా ఆ పొగ మధ్యలో కూర్చునేది అక్క. చివరి రోజుల్లో బావ చేతులు వణికిన మాట నిజం. చాయ్ గ్లాసు సగమే పోయమనేవాడు.

సార్ కొలిచే పరికరం తీసి గొట్టం లోపలి దారి కొలిచారు. బయటి కొలత మామూలుదే గాని లోపల బాగా సన్నం అన్నారు. ఎక్కువ వేగంలో ఇది పనికిరాదు, అన్నగారు కావాలని పెట్టారా, పొరపాటున పెట్టారా తెలియడం లేదన్నారు. అక్క స్టూలు మీద కూర్చున్నది, బావ స్టూలు.

"నాకు పైపుల సంగతి తెల్వదు. మొదలుపెట్టేటప్పుడు నన్ను అడిగిండు, ఎంకపల్లి కాడ ఎత్తు గడ్డ ఎక్కేటప్పుడు ఏ గేర్ల ఎక్కుతవని. రెండోదాంట్ల అన్న. ఎప్పుడన్న ఉరికిస్తవా అన్నడు. పూలు పెట్టుకొని ఎవరన్న ఉరికిస్తరా అన్న. నవ్విండు. అయితే నీ మందం పైపు ఇంట్లనే ఉన్నది, ఫికర్ జెయ్యకు అన్నడు."

సార్ తల ఎత్తారు. "వదినగారూ, ఆ మాట మళ్లీ ఒకసారి చెప్పండి."

"నీ మందం పైపు ఇంట్లనే ఉన్నది అన్నడు."

సార్ అటక వైపు చూశారు. మేమందరం చూశాం. అక్కడ ఇన్నేళ్లుగా ఉన్న పైపు లేదు. దుమ్ములో అది పడుకున్న చోటు మాత్రం పొడుగ్గా తెల్లగా కనిపిస్తున్నది. సార్ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నారు. "నా పైపండీ" అన్నారు చివరికి.

నెమ్మదిగా, బరువుతో, రెండో గేరులో గడ్డ ఎక్కే బండి. దానికి సన్నటి దారి కావాలి, గుంతల రోడ్డు మీద పగలని గోడ కావాలి. తొందరగా వేడెక్కకపోయినా నష్టం లేదు, పోటీలకు పోదు. సార్ పొరపాటున తెచ్చిన మందం, బావ ఆ రోజు అడిగిన మందం, అక్క బండి దగ్గరికి వచ్చేసరికి ఒక్కటే అయ్యాయి.

బరువు సంగతి మిగిలింది. దాన్ని భాయే తేల్చాడు. హెడర్‌ను తిప్పి చూస్తూ, రెండు గొట్టాలు ఒకటయ్యే చోట చుక్కలతో అతికించిన చిన్న పట్టీ పట్టుకున్నాడు. కొసన రంధ్రం ఉన్నది. అప్పటిదాకా అది ఏదో పట్టుకోవడానికి తాత్కాలికంగా పెట్టిందనుకున్నాం. భాయ్ వ్యాను కిందికి దూరి, గేరుబాక్సు మీద ఖాళీగా ఉన్న బోల్టు రంధ్రం దగ్గర వేలు పెట్టి, రెండింటి దూరం జానతో కొలిచాడు. కింద నుంచే, "బరువు ఇంజిన్‌కు ఏలాడదు భాభీ. గీ పట్టీని గేరుబాక్సుకు బిగిస్తే గదే మోస్తది. ఉస్తాద్ కండ్లు మంచిగనే ఉండె" అన్నాడు. బయటికి వచ్చాక చాలాసేపు ఎవరి వైపూ చూడలేదు.

వెల్డింగ్ భాయ్ చేశాడు. నాలుగో గొట్టం సెల్ఫ్ మోటారుకు మరీ దగ్గరగా ఉన్నది. బావ దాన్ని మిగతావాటికంటే పొట్టిగా తీసుకుపోయాడు. సార్ అది సరిచేద్దామా అన్నారు. ఏదానికి తక్కువ పడాల్నో ఉస్తాద్ ఒప్పుకున్నడు సార్, మనం ముట్టొద్దు అని భాయ్ అన్నాడు. మోటారుకు వేడి తగలకుండా రేకు మాత్రం అడ్డం పెట్టారు. పొగ శుద్ధి డబ్బా, సైలెన్సర్ ఎక్కడివక్కడే బిగించారు.

అక్క మొదటిసారి పూలమూటలతో మార్కెట్‌కు పోయి, పొద్దెక్కాక తిరిగొచ్చింది. మేం ముగ్గురం గేటు దగ్గరే ఉన్నాం. వ్యాను మలుపు తిరిగేదాకా చప్పుడు వినిపించలేదు. అద్దాలు ఎత్తి ఉన్నాయి. దిగి, తల నొప్పి లేదన్నది, గడ్డ మీద గేరు మార్చలేదన్నది. అంతే చెప్పింది. ఇంట్లోకి పోకుండా అక్కడే నిలబడి ఇంజిన్ చల్లారేదాకా కాచుకున్నది. ఎందుకో మేం అడగలేదు.

తర్వాత తానే సీటు ఎత్తింది. భాయ్ రేకు తీశాడు. అక్క మోకాళ్ల మీద కూర్చొని బావ లైటు వేసింది. మూడు గొట్టాల మీద రంగు ఒక్క గీత దాకా వచ్చి ఆగింది, ఎండుగడ్డి, వంకాయ, ఇంజిన్ దగ్గర నీలం. నాలుగోదాని మీద కొంచెం వెనుకనే ఆగింది. "గిదేనా ఆయన సూసేది" అన్నది.

సీటు సందులోంచి రాలిన చామంతి రెక్క ఒకటి ఆ నాలుగో గొట్టం మీద అంటుకొని ఉన్నది, రంగు రాకుండా మిగిలిన చోట. భాయ్ తీయబోతే అక్క వద్దన్నది. గొట్టంలో ఇంకా కొంచెం వేడి ఉన్నట్టున్నది. రెక్క అంచు మెల్లగా ఎండుగడ్డి రంగుకు తిరుగుతున్నది. అక్క లైటు ఆర్పలేదు.